కిందింటి అంకుల్ వద్దన్న సీసా

నా చిన్నప్పుడు, అంటే యాభై ఏళ్ళ కిందట, కరోనా వచ్చి లోకమంతా తలుపులు వేసుకుంది. మేమప్పుడు జర్మనీలో, జిండెల్ఫింగెన్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేసేవారు. ఆ రోజుల గురించి ఎవరిని కదిపినా, అందరూ బాల్కనీల్లో నిలబడి అంబులెన్స్ వాళ్ళకూ నర్సులకూ చప్పట్లు కొట్టిన సంగతి ముచ్చటగా చెబుతారు. నాకు మాత్రం ఆ చప్పట్లంటే ఇప్పటికీ రోత. ఎందుకో చెబుతాను.

మా కిందింట్లో ఒక జర్మన్ అంకుల్ ఒంటరిగా ఉండేవారు. ఒకప్పుడు సైన్యంలో పనిచేసి, ఏదో దూరదేశపు యుద్ధానికి వెళ్ళి వచ్చి, తర్వాత అంబులెన్స్ ఉద్యోగంలో చేరారు. అక్కడ చూసినవీ, ఇక్కడ రోడ్ల మీద చూసినవీ కలిసి ఆయనకు కంటి మీద కునుకు లేకుండా చేశాయి. నిద్ర కోసం తాగుడు మొదలుపెట్టి అందులోనే మునిగిపోయారు. సైనికులకూ, అంబులెన్స్ వాళ్ళకూ, ఫైర్ వాళ్ళకూ మనసుకు వైద్యం చేసి తాగుడు మాన్పించే ఆసుపత్రి ఒకటి ఉంటే, అక్కడ చాలాకాలం ఉండి ఆ శీతాకాలంలోనే ఇంటికి వచ్చారు. వారం వారం తనలాంటివాళ్ళతో కూర్చుని మాట్లాడుకునే బృందం ఒకటి ఉండేది. కరోనాతో అదీ మూతపడింది. ఇదంతా ఆయనే మెట్ల మీద మా అమ్మతో చెప్పారు. కాలు విరిగినవాళ్ళు కట్టు సంగతి చెప్పినట్టే, ఏ దాపరికమూ లేకుండా చెప్పారు. త్వరలో మళ్ళీ డ్యూటీలో చేరాలి, ఒక్క చుక్క తాగినా ఆయన కష్టమంతా మొదటికొస్తుంది.

అమ్మ నాన్నతో చెప్పింది. నాన్న పై అంతస్తులో ఉండే తెలుగు అంకుల్‌తో చెప్పారు. ఆయన మా ఊరి తెలుగువాళ్ళకు పెద్దమనిషి. ఇక వేరే చెప్పాలా, బిల్డింగులోని మనవాళ్ళందరికీ తెలిసిపోయింది. పాపం పాపం అంటూనే, ఆయన పట్టుకున్న రెయిలింగ్ పట్టుకోవద్దని పిల్లలకు చెప్పేవాళ్ళు. కింద అందరం బట్టలు ఉతుక్కునే వాష్‌క్యూషెలో ఆయన కనిపిస్తే బుట్టతో సహా వెనక్కి వచ్చేసేవాళ్ళు. అంబులెన్స్‌లో ఏ రోగం మోసుకొచ్చాడో అని భయం. నిజానికి ఆయన ఇంకా డ్యూటీ ఎక్కనేలేదు! సాయంత్రం కాగానే మళ్ళీ వీళ్ళే బాల్కనీల్లోకి వచ్చి ఆ అంబులెన్స్ వాళ్ళకే చప్పట్లు. ఛీ!

అది చాలదన్నట్టు పై అంకుల్‌కు కిందింటి అంకుల్‌ని సన్మానించాలని బుద్ధి పుట్టింది. మనవాళ్ళకు శాలువా కప్పడానికి ఎవరో ఒకరు దొరకాలి కదా. బుట్టనిండా పళ్ళు, చాక్లెట్లు, మధ్యలో ఎర్ర రిబ్బను కట్టిన వైన్ సీసా. ఆయన తాగడం మానేశారు కదండీ అని అమ్మ మెల్లగా గుర్తుచేసింది.

"జర్మన్లకి వైన్ అంటే మనకు మజ్జిగ లెక్క. ఒక్క సీసాతోని ఏమైతది?" అన్నాడు పై అంకుల్. నాన్న కూడా నవ్వారు. ఆ నవ్వంటే నాకు ఇప్పటికీ అసహ్యమే, కన్నతండ్రిదైనా సరే.

అప్పుడు మా ఇంట్లో అమ్మమ్మ ఉంది. తమ్ముడు పుట్టాడని సాయానికి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇరుక్కుపోయింది. గోదావరి జిల్లా మనిషి. తాతయ్య మిలటరీలో చేశాడని, నేను పుట్టకముందే పోయాడని తప్ప ఆయన గురించి అప్పటికి నాకేమీ తెలియదు.

ఆంక్షలు కాస్త సడలాక ఒక ఆదివారం మధ్యాహ్నం బిల్డింగు వెనక ఖాళీ స్థలంలో అందరం దూరం దూరంగా నిలబడ్డాం. పై అంకుల్ శాలువా కప్పాడు. మాస్కుల వెనకనుంచి పొగడ్తలు కురిశాయి. పళ్ళూ చాక్లెట్లూ అయ్యాక నాన్న సీసా అందించారు. కిందింటి అంకుల్ "నైన్, డాంకె" అన్నారు. వద్దు, థాంక్స్ అని. అక్కడితో అయిపోవాలి కదా? మన దగ్గర మొదటి వద్దును ఎవరు పట్టించుకుంటారు! విస్తరికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే రకం మనం.

"మొహమాటపడుతుండు, మళ్ళ ఇవ్వు," అన్నాడు పై అంకుల్. ఫోన్‌లో వీడియో నడుస్తోంది. నాన్న మళ్ళీ ఇచ్చారు. ఆయన మళ్ళీ వద్దన్నారు. ఈసారి అందరూ నవ్వుతూ, చప్పట్లు కొడుతూ, "బిటె, బిటె" అని బతిమాలుతుంటే పై అంకుల్ ఆ సీసాను ఆయన చేతిలో కుక్కేశాడు. కుక్కి, రెండడుగులు వెనక్కి వేసి, జేబులోంచి శానిటైజర్ తీసి చేతులు రుద్దుకున్నాడు. సన్మానం చేసిన మనిషిని ముట్టుకున్నందుకు! కిందింటి అంకుల్ సీసా వంకే చూస్తున్నారు. అంత పెద్ద మనిషి భయపడటం నేను చూడటం అదే మొదటిసారి.

అప్పుడు అమ్మమ్మ కదిలింది. దూరం గీరం ఏమీ చూడలేదు. నేరుగా వెళ్ళి సీసా అందుకుంది, ఆయన వెంటనే వదిలేశారు. మూత తిప్పి, వాననీళ్ళు పోయే జాలీలో మొత్తం ఒంపేసింది.

"అత్తయ్యగారూ, ఏంటిది? పరువు పోతోంది!" అన్నారు నాన్న.

"ఆయన వద్దంటన్నాడు కదా బాబూ. నాకు ఈళ్ళ భాష రాదు. నాకే అర్థమైందే, మీకు అవ్వలేదా?"

వీడియో ఆగిపోయింది. గొణుక్కుంటూ అందరూ లోపలికి వెళ్ళిపోయారు. అమ్మమ్మ మెట్ల మీద ఒక చివర కూర్చుంది, అంకుల్ రెండో చివర కూర్చున్నారు. నేను అక్కడి బడిలో చదివేదాన్ని కాబట్టి మధ్యలో నిలబడి ఒకరి మాట ఒకరికి అందించాను. మీకెలా తెలిసిందని అంకుల్ అడిగారు.

తాతయ్య కూడా యుద్ధం చూసి వచ్చాక నిద్రలో అరిచేవాడట. మిలటరీ క్యాంటీన్ రమ్ము కోసం చుట్టాలు ఇంటి చుట్టూ తిరిగేవాళ్ళట. ఆయన సీసాలోంచి తాము తాగి, ఆయనకూ పోసి, వీధిలోకి వెళ్ళి ఆయన్నే తాగుబోతు అనేవాళ్ళట. ఒక ఏడాది తాతయ్య తనంతట తానే మానేశాడు. తన కాపురంలో బాగున్నది ఆ ఒక్క ఏడాదేనంది అమ్మమ్మ. తర్వాత ఒక పెళ్ళిలో, మిలటరీవాడివి నీకు మొహమాటమేంటని గ్లాసు చేతిలో పెట్టారు. వద్దన్నాడు. బలవంతం చేశారు. ఆ గ్లాసు పెట్టింది అమ్మమ్మ సొంత అన్నయ్యే. పక్కనే ఉండి కూడా ఆవిడ నోరెత్తలేకపోయింది. తాతయ్య మళ్ళీ ఎప్పుడూ మానలేదు.

ఇదంతా నేను అంకుల్‌కు జర్మన్‌లో చెప్పాను. ఆయన అంతా విని, నేను ఇవాళ తాగను అన్నారు. తమ బృందంలో ఒకరికొకరు చెప్పుకునే మాట అదట, కరోనా వచ్చాక చెప్పుకోవడానికి మనిషి లేకుండా పోయాడట.

"రేపు కూడా వచ్చి నాకు చెప్పమను," అంది అమ్మమ్మ.

ఆయన వచ్చారు. బృందం మళ్ళీ తెరిచేదాకా రోజూ వచ్చి మెట్ల దగ్గర నిలబడి చెప్పి వెళ్ళేవారు. డ్యూటీలో చేరినరోజు యూనిఫాంలో వచ్చి చెప్పారు. అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది.

నాకిప్పుడు మనవలున్నారు. మా ఇంటికి వచ్చినవాళ్ళు వద్దంటే గిన్నె వెనక్కి తీసుకెళ్ళిపోతాను, రెండోసారి అడగను. పెట్టే చెయ్యి కాదని, మర్యాద తెలియదని నా వెనక అనుకుంటారని తెలుసు. అనుకోనీ. తాతయ్య గొంతు ఎలా ఉండేదో నాకు తెలియదు. అయినా ఆ పెళ్ళిలో ఆయన వద్దన్నది మాత్రం నా చెవులతో విన్నట్టే ఉంటుంది.