ఆదివారం కాని రోజు మోగిన గంట

నిన్న పొద్దున ఒక చిన్న దీవి జెట్టీ పక్కన, నీలం టార్పాలిన్ కింద కూర్చుని ఇంటర్నెట్ కేబుల్‌లోని ఫైబర్ పోగులు అతుకుతున్నాను. అతికే ముందు ప్రతి పోగునూ స్పిరిట్‌తో తుడవాలి. ఆ వాసన గుప్పున తగిలిందో లేదో, రూతమ్మ ఆంటీ వచ్చి నా నెత్తిన కూర్చుంది. ఆవిడ పోయి రెండు వర్షాకాలాలు దాటింది. అయినా స్పిరిట్ వాసన వస్తే చాలు, వెనకనుంచి "సరిగా తుడు పిల్లా, ముఖం కడుక్కున్నట్టు కాదు" అని వినిపిస్తుంది. మా పంచాయతీ గదిలో కంప్యూటర్‌ని ఆవిడ రోజూ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేది. ఆ కంప్యూటర్ ఆరోగ్యం మీద ఉన్న శ్రద్ధ తన బీపీ మీద ఉండేది కాదు.

మీరెవరూ ఆవిడను చూడలేదు కాబట్టి చెబుతాను. పొట్టి మనిషి, గట్టి గొంతు. పోర్ట్ బ్లెయిర్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేసి రిటైరైంది. మెయిన్‌లాండ్‌కి ట్రంక్ కాల్ కలపాలంటే అరవక తప్పని రోజుల్లో మొదలైన గొంతు అది, తర్వాత తగ్గించుకునే అవసరం ఆవిడకి కనిపించలేదు. అక్కడి డైరీ ఫార్మ్ పేటలోని సర్కారు క్వార్టర్ ఖాళీ చేసి, వండూర్ రోడ్డులో మా ఊళ్ళో ఇల్లు కట్టుకుంది. మా తాతల్లాగే వాళ్ళ తాతలూ శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. మేము తిరునాళ్ళకి, వాళ్ళు ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకి. అంతకు మించి తేడా నాకెప్పుడూ తెలియలేదు. పంచాయతీ వాళ్ళు ఇంటర్నెట్ గది తెరిచినప్పుడు, దాన్ని చూసుకోవడానికి ఈవిడ తప్ప ఇంకెవరూ గుర్తురాలేదు.

అప్పట్లో మా దీవులకి ఇంటర్నెట్ ఆకాశం నుంచి, ఉపగ్రహం దయ మీద దిగేది. మబ్బు పడితే అదీ లేదు. వైజాగ్‌లో పెళ్ళి జరిగితే ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఓడెక్కి వచ్చేవి. ఫీనిక్స్ బే రేవులో బోటు మనుషుల్ని పట్టుకుని "భయ్యా, ఈ పెన్‌డ్రైవ్ జర హేవ్‌లాక్ దీవిలో మా బావకి ఇచ్చెయ్" అని బతిమాలేవాళ్ళం. అలాంటి కాలంలో రూతమ్మ ఆంటీ ఒక చట్టం పెట్టింది. ఉన్న కాస్త నెట్ అందరూ పంచుకుంటే ఎవరికీ చాలదు కాబట్టి, గదిలో ఒకళ్ళు పని చేసుకుంటుంటే చుట్టుపక్కల అందరూ ఫోన్లు ఆపెయ్యాలి. "ఫోన్లు బంద్!" అని గుమ్మంలో నిలబడి కేక వేసేది. టీ కొట్టు దాకా వినిపించేది. అందరూ కట్టేసేవాళ్ళు. ఎవడైనా చాటుగా జేబులో వెలిగించాడా, అంతే సంగతులు, వాడి ఏడు తరాలూ ఆ గుమ్మంలో లేచి కూర్చునేవి.

నా పన్నెండో తరగతి ఫలితం అలాగే చూశాను. ఊరంతా ఫోన్లు కట్టేసి గది బయట నిలబడింది. పేజీ పైనుంచి కిందికి తాపీగా దిగుతోంది. ముందు బోర్డు పేరు, తర్వాత గౌరి అని నా పేరు, అక్కడ ఆగింది. "ఎవరూ కదలకండి!" అంది ఆంటీ, ఊపిరి పీల్చినా సిగ్నల్ తగ్గిపోతుందన్నట్టు. చివరికి 'పాస్' అని కనిపించాక బయట ఈలలు, చప్పట్లు. నా ఒక్కదాని కోసం అంతమంది ఆగడం నాకిప్పటికీ ఆశ్చర్యమే. మంచి మనుషులు మావాళ్ళు. మొహమాటస్తులు కూడా. ఆ రెండోదే తర్వాత మా కొంప ముంచబోయింది.

తర్వాత వచ్చింది చూడండి, సముద్రం అడుగున కేబుల్! చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా ప్రభుత్వం సొమ్ముతో వేశారు. ఆ రోజు ఆంటీ ఊరంతా తిరిగి లడ్డూలు పంచింది. "సముద్రం కింద నుంచి వచ్చినాదే పిల్లా! చేపల మధ్య నుంచి మన మాటలెల్తాయి!" అంటూ నా బుగ్గలు లాగింది. ఆ తర్వాత మరో పథకం కింద మా పంచాయతీ గది దాకా లైను లాగారు. దాని వైఫై గది చుట్టూ, చర్చి ఆవరణ దాకా అందేది. ఆంటీ పాత చట్టం మాత్రం అలాగే నడుస్తోంది. అక్కడినుంచి ఇళ్ళకీ, కాలవ అవతల ఉన్న మా వాడకీ లాగడానికి కూడా ప్రభుత్వమే డబ్బిస్తుంది. కాకపోతే ఒక షరతు. ఊరు దాన్ని నిజంగా వాడుతోందో లేదో చూసి ఇస్తారు. వాడకపోతే గదిలోని ఇంటర్నెట్ పెట్టెను కూడా ఇంకో ఊరికి పట్టుకుపోతారు.

నేనప్పుడు ఆంటీకి సహాయంగా ఆ గదిలోనే పని చేస్తూ, అక్కడే కూర్చుని టెలికాం డిప్లొమా పాఠాలు ఆన్‌లైన్‌లో వింటున్నాను. మా నాన్న అప్పన్న వండూర్ జెట్టీలో టూరిస్టు బోటు నడిపేవాడు. నన్ను మెయిన్‌లాండ్ హాస్టల్లో పెట్టి చదివించే స్తోమత ఆయనకు లేదు. ఆ పెట్టె పోతే నా చదువు అక్కడితో సరి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. అందుకే ఆ వాడకం చూడ్డానికి ఇంజినీరు వచ్చే రోజు ఊరంతా స్నానాలు చేసి, ఇస్త్రీ చొక్కాలేసుకుని గది ముందు చేరింది.

ఇంజినీరు మంచివాడే, తెలుగు రాదు. లాప్‌టాప్ తెరిచి చూశాడు. ఊరి వాడకం ఎంతో చూపించే గీత నేల మీద పాము పడుకున్నట్టు అడుగునే ఉంది. కాసేపు చూసి, ఆంటీ వైపు తిరిగి "మేడం, ఇధర్ కోయీ యూజ్ నహీ కర్తా క్యా?" అన్నాడు. ఇక్కడ ఎవరూ వాడరా అని! నిన్నటిదాకా ఒకరి తర్వాత ఒకరు సందు లేకుండా వాడిన జనం. ఇవాళ ఏమైంది? ఆంటీ కిటికీలోంచి తల బయటపెట్టింది. జనం చేతులు కట్టుకుని, పళ్ళికిలించుకుని నిలబడ్డారు. ఒక్కరి చేతిలో ఫోను లేదు.

"ఏటి అప్పన్నా, ఫోన్ ఏది?" అంది మా నాన్నతో.

"బంద్ చేసేశానమ్మా," అన్నాడు నాన్న గర్వంగా. "అందరం చేసేశాం. సార్ దూరం నుంచొచ్చారు కదా, ఆయనకి ఫుల్ స్పీడ్ రావాల. నువ్వు నేర్పిందే కదేటి!"

"నా నోరు పడిపోను! నా నోటితోనే నేర్పాను," అంటూ ఆంటీ గుమ్మం దాటింది. చెప్పులు కూడా వేసుకోలేదు. పక్కనే చర్చి. తాడు పట్టుకుని గంట లాగడం మొదలుపెట్టింది. ఆదివారం కాదు, పెళ్ళి లేదు, చావు లేదు, గంట మాత్రం ఒకటే మోత. పాస్టరుగారు గబగబా వచ్చారు. ఇళ్ళల్లో ఉన్న ఆడవాళ్ళు గరిటెలతో సహా వచ్చారు.

"ఫోన్లు ఆన్! సబ్ చాలూ కరో! జల్దీ!" అని అరిచింది. "వీడియోలు పెట్టండి, మీ మీ వాళ్ళకి ఫోన్లు చెయ్యండి, పాటలు పెట్టండి, అందరూ!"

ఎవరూ కదల్లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సార్ పని ఆగిపోదా దీదీ? బాగోదేమో," అన్నాడు టీ కొట్టాయన.

అప్పుడు రూతమ్మ ఆంటీ, చర్చిలో పాటలు మొదలుపెట్టే రూతమ్మ ఆంటీ, పాస్టరుగారి ఎదుట, గంట తాడు చేతిలో ఉండగానే అనేసింది. "మొహమాటానికి పోతే కడుపొచ్చిందంట! మీ మొహమాటం తగలెయ్య, గౌరి చదువు పోతాదిరా!" అని, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందుగా నవ్వింది పాస్టరుగారే. ఇక ఊరు ఆగలేదు. జేబుల్లోంచి, జాకెట్లలోంచి, కొంగు ముళ్ళలోంచి ఫోన్లు బయటికొచ్చాయి. ఒకరు పలాసలో చెల్లెలితో, ఒకరు వైజాగ్‌లో కొడుకుతో, టీ కొట్టాయన క్రికెట్‌తో, పాస్టరుగారు బైబిలు వాక్యం వీడియోతో. నేను లోపలికి పరిగెత్తాను. గీత లేచింది! చూస్తుండగానే తెర పైదాకా లేచింది. ఇంజినీరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

కానీ అసలు విచిత్రం బయట జరిగింది. ఏదీ ఆగలేదు. అంతమంది ఒక్కసారిగా వాడుతున్నా ఎవరి బొమ్మా గడ్డకట్టలేదు, ఎవరి మాటా తెగలేదు. మా పక్కింటి ముసలమ్మ ఫోన్లో చెల్లెలి ముఖం చూస్తూ, మధ్యమధ్య చుట్టూ భయంగా చూసుకుంటోంది, ఎవరైనా తిడతారేమో అని. ఎవరూ తిట్టలేదు. ఆంటీ చర్చి మెట్ల మీద కూలబడి, చెంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వుతోంది. "ఇన్నాళ్ళూ ఒకళ్ళని లేపి ఇంకొకళ్ళని కూకోబెట్టానే పిల్లా. ఇది ప్రేమవిందే. అందరికీ ఒకటే బంతి," అంది. వాళ్ళ చర్చిలో పండగనాడు ఊరంతా వరసగా కూర్చుని తినే భోజనాన్ని ప్రేమవిందు అంటారు.

ఇంజినీరుకి ఫోన్లు ఎందుకు కట్టేశారో ఆంటీ హిందీలో విడమరచి చెప్పింది. ఆయన తల పట్టుకుని నవ్వాడు. "శామ్ తక్ బైఠ్తా హూఁ," అన్నాడు. సాయంత్రం దాకా కూర్చుని చూస్తాను, చేసి చూపించిన హడావుడి కాదని నాకూ తెలియాలి కదా అని దాని భావం. కూర్చున్నాడు. మధ్యాహ్నం చేపల పులుసు తిన్నాడు. గీత సాయంత్రం దాకా దిగలేదు. వర్షాలు వెనకపట్టాక కాలవ దాటి మా వాడకి లైను వచ్చింది. నా డిప్లొమా చివరి పాఠాలు మా వంటింట్లో కూర్చుని విన్నాను.

ఆ తర్వాత ఆంటీ నాకు చెప్పిన మాట ఒకటుంది. "సర్కారు మనకిచ్చినది పదిలంగా దాచుకుంటే ఎవరికీ కాకుండా పోద్ది. సిగ్గుపడకుండా వాడాలి. వాడితేనే పక్కూరికి కూడా వస్తాది." నేనీ ఉద్యోగంలో ఎన్నో నేర్చుకున్నాను గానీ, దీన్ని మించింది నేర్చుకోలేదు.

నిన్న ఆ చిన్న దీవిలో చివరి పోగు అతికాను. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. పరీక్ష చేద్దామని తలెత్తితే, జెట్టీ మీద చేరిన జనం నన్ను చూసి మర్యాదగా ఫోన్లు జేబుల్లో పెట్టుకుంటున్నారు. కేబుల్ చుట్టిన పెద్ద చెక్క చక్రం మీదికెక్కి, ఆంటీ గొంతు అరువు తెచ్చుకుని, "బంద్ చెయ్యకండి! ఆన్ చెయ్యండి, అందరూ!" అని అరిచాను.

చేపల గంపతో నిలబడ్డ ఒక పెద్దావిడ అనుమానంగా చూసింది. "అందరం ఒకేసారేటమ్మా?"

"ఒకేసారి, మామ్మా," అన్నాను.