ఇంజన్ మీద ముగ్గు

సిరిసిల్లలో బస్సు తప్పిపోయి, కోరుట్ల వెళ్లే బట్టల లారీ ఎక్కాను. మాది ఒంగోలు, ఆ దారి నాకు కొత్త. జగిత్యాల దాటేసరికి ఇంజన్ వేడెక్కింది. ఇంజన్‌ను చల్లబరిచే ఆకుపచ్చ ద్రవం, కూలెంట్, తగ్గడం ఆ వారంలో మూడోసారట. కింద ఒక్క చుక్క కూడా కనబడదట.

"నేనే చూసుకుంటలేనని సేటు అనుకుంటున్నడు సార్. ఇయ్యాల గిదేందో తెలియకుంటే బండి వేరేటోనికి ఇస్తడు," అన్నాడు డ్రైవర్ మల్లేశం.

రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్ ఖాదర్ భాయ్ ఇంజన్ చల్లారనిచ్చి, గుడ్డతో పొడిగా తుడిచాడు. తర్వాత ఒక డబ్బా తెచ్చి, "జర పట్టుకోండ్రి సార్," అని నా చేతికిచ్చాడు. అందులోంచి తెల్లటి పొడి తీసి పైపుల మీద చల్లాడు. చూస్తే ముగ్గుపిండి!

"ఏం చాచా, ఇంజన్‌కు పండుగ చేస్తున్నవా?" అన్నాడు మల్లేశం.

"పక్కింటి లచ్చక్క ఇచ్చింది. వాకిట్ల ఏసినంక మిగిలింది నాకే తెచ్చిస్తది. నువ్వు స్టార్ట్ చెయ్."

ఇంజన్ బాగా వేడెక్కాక, వెనక పైపు మీది తెలుపులో సన్నటి ఆకుపచ్చ గీత పాకింది. వేడికి మాత్రమే తెరుచుకునే పగులు అది. కారినది కారినట్టే ఆవిరైపోతోంది.

మల్లేశం ఆ గీతను ఫోటో తీసి సేటుకు పంపాడు. "నా తప్పు గాదు సార్," అని నాకు రెండుసార్లు చెప్పాడు.

చిన్నప్పుడు మా అమ్మ ముగ్గు వేస్తుంటే డబ్బా పట్టుకునేది నేనే. షెడ్డులోనే కూర్చుని ఆ లారీ ప్రయాణం సంగతి డైరీలో రాసుకున్నాను. ఇప్పటికీ ఆ పేజీ మూలన ముగ్గుపిండి అంటిన నా వేలిముద్ర తెల్లగా ఉంది.