ఒతీలియా అనని మాట

"రెండు ముక్కలు అనడానికి నీ నోరు పడిపోయిందా?"

దోన్ కసిమీరో చావుమంచం పక్కన, ఇంటినిండా జనం ఉండగా, ఆయన కూతురు ఎర్లిందా అడిగిన ప్రశ్న ఇది. అడిగింది ఒతీలియాని. ఒతీలియా జవాబు చెప్పలేదు. ఆ జవాబు ఏమై ఉంటుందా అని మా సపొతాల్ ఊళ్ళో అందరూ ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. నాకు ఎవరి మాటా నచ్చలేదు.

ఒతీలియా మా ఊరి వాక్య సేవకురాలు. ఫాదరు రాని ఆదివారాల్లో చర్చి తెరిచి సువార్త చదవడం, దాని మీద నాలుగు మాటలు చెప్పడం, పట్నం నుంచి తెచ్చిన సత్ప్రసాదం పంచడం ఆమె పని. పూజ చేయడం, పాపాలు విని క్షమించడం ఫాదరు పని. మిగతా వారమంతా ఆమె తోర్తియాలనే మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్మేది. భక్తుల కథలు రాసేవాళ్ళకి ఇలాంటి మనిషి దొరికితే తల చుట్టూ వెలుగు పెట్టేస్తారు. ఒతీలియా తల చుట్టూ నేను చూసిందల్లా పొయ్యి పొగ.

పెద్ద తుఫానుకి ఏటి మీది వంతెన కొట్టుకుపోయింది. దాంతో వర్షాకాలం వచ్చిందంటే ఫాదర్ అన్సెల్మో జీపు ఏటి అవతలే ఆగిపోయేది. తుఫానులో పోయినవాళ్ళని మట్టి చేయించింది ఒతీలియాయే, వాళ్ళ తొమ్మిది రాత్రుల ప్రార్థనలు నడిపిందీ ఆమే. అక్కడి నుంచి ఊరు ఆమెని "మదర్" అనడం మొదలుపెట్టింది. కొందరు ముసలివాళ్ళు చెయ్యి ముద్దు పెట్టుకోబోయేవారు.

"చెయ్యి వదులు తాతా. ఇప్పుడే పందికి కుడితి కలిపొచ్చాను," అనేది.

దాన్ని కూడా వినయమని మెచ్చుకున్నారు. నిజంగానే కుడితి కలిపి వచ్చిందని ఎవరూ అనుకోలేదు.

మరుసటి వర్షాకాలానికీ వంతెన లేవలేదు. దోన్ కసిమీరో మంచం పట్టింది అప్పుడే. మా కొండ మీద పండే కాఫీ అంతా కొనేది ఆయనే, అంతా తూగేది ఆయన కాటా మీదే. చెవులు సరిగా వినపడక ఎవరితోనైనా అరిచే మాట్లాడేవాడు. చావు దగ్గరపడిందని తెలియగానే మా అలవాటు ప్రకారం ఊరంతా ఆ ఇంట్లో చేరింది. పొయ్యి మీద కాఫీ మరుగుతోంది. ఒతీలియా మంచం పక్కన కూర్చుంది.

"నా పాపాలు విను ఒతీలియా. విని, క్షమించానని చెప్పు," అన్నాడు.

"వింటాను దోన్ కసిమీరో. క్షమించాననే మాట మాత్రం నాది కాదు. ఫాదరు గారిది."

"ఆయన ఏటికి అవతల ఉన్నాడు. నువ్వు ఇక్కడున్నావు. ఇన్నాళ్ళూ అన్నీ నువ్వే చేశావుగా?"

"నాకు అప్పగించినవి చేశాను."

"కాఫీ దింపుకుంటే నేను చీటీ ఇచ్చేవాణ్ణి కదే. నాకూ ఓ చీటీ కావాలి. ఖాళీ చేతుల్తో పొమ్మంటావా?"

వెనక నుంచి ఎవరో, "అనేయండి మదర్. పోయేవాడికి రెండు మాటలు. దేవుడు లెక్క చూస్తాడా?" అన్నారు. గదిలో ఉన్నవాళ్ళంతా ఆమె నోటికేసి చూస్తున్నారు.

ఒతీలియా ఆయన చెయ్యి పట్టుకుంది. "పశ్చాత్తాప ప్రార్థన నాతోపాటు చెప్పండి. ఆ తర్వాత మీ పాపాలు మనసులోనే దేవుడికి చెప్పుకోండి. ఆయన వింటాడు. ఈలోగా ఫాదరు గారికి కబురు పంపుదాం."

"మనసులోనే" అన్నది ఆయనకి వినపడలేదు. ప్రార్థన అయిపోగానే, కాఫీ బస్తాలు దింపించేటప్పుడు అరిచినట్టే, దేవుడితో అరిచి చెప్పాడు.

"కాటాలో సీసం దాచాను. ఎర్లిందా పెళ్ళయిన ఏడాది నుంచీ. అందరికీ తూకం తగ్గించాను. ఈ ఒతీలియా మొగుడిక్కూడా."

కాఫీ కప్పులు కింద పెట్టిన చప్పుడు ఒకటొకటిగా వినపడింది. ఎర్లిందా ఆ ప్రశ్న అడిగింది అప్పుడే. తండ్రి ఆత్మ గురించి అడిగిందని ఊరు అంటుంది. ఆత్మ ఒక్కదాని గురించే కాదని నాకు అనిపిస్తుంది. ఒతీలియా సరేనంటే గది ఖాళీ చేయించి, తలుపేసి, చెవి దగ్గర వినేది. సీసం ముక్క కసిమీరోతోపాటే పూడిపోయేది. ఇప్పుడది ఊరందరిదీ అయింది.

ఎర్లిందా ఒతీలియా రెక్క పట్టుకుని వానలోకి గెంటేసింది. ఒతీలియా ఇంటికి పోలేదు. కంచర గాడిదలు అద్దెకిచ్చే మోంచో గుమ్మం ముందు నిలబడింది.

"సీసం సంగతి ఇప్పుడే విన్నాను," అన్నాడు మోంచో. "వాడి కోసం నా గాడిదలు ఏట్లో దిగాలా?"

"ఊరికే కాదులే. అద్దె ఇస్తారు."

"ఎవరిస్తారు?"

"ముందు పద."

ఏరు గాడిదల పొట్టలదాకా ఉంది. ఫాదర్ అన్సెల్మోని ఎక్కించుకుని వాళ్ళు తిరిగొచ్చేసరికి కసిమీరో శవపేటికకి మేకులు కొడుతున్నారు.

ఊరు రెండుగా చీలింది. ఆమెకి పొగరని కొందరన్నారు. లేదు, మొగుడికి జరిగిన మోసం మనసులో పెట్టుకుని కావాలనే ముసలాయన చేత అందరి ముందూ కక్కించిందని మిగతావాళ్ళన్నారు. ఈ రెండూ చాలనట్టు ఫాదర్ అన్సెల్మో పూజలో ఆమెని నిలబెట్టి, ఈ ఊరి దీపమని పొగిడాడు. బెంచీల్లో ఎవరూ ఆమె వైపు తల తిప్పలేదు.

తర్వాత ఆమె వంటింట్లో ఆయన బీన్సు తింటుంటే ఒతీలియా అంది: "మీరు రేపు వెళ్ళిపోతారు ఫాదర్. మీ పొగడ్త నా నెత్తిన ఉండిపోతుంది. దాని బదులు మోంచోకి అద్దె ఇచ్చి ఉంటే బాగుండేది."

"చర్చిలో డబ్బెక్కడిదమ్మా? పోయినాయన ఇంటివాళ్ళు ఇస్తార్లే."

"మేం పిలవలేదు," అని ఎర్లిందా కబురు పంపింది.

ఆ వర్షాకాలం ఆదివారాల్లో నేను కావాలనే చర్చికి వెళ్ళాను, ఏం చేస్తుందో చూద్దామని. మోంచో వచ్చేవాడు, ఒక చెవిటి ముసలమ్మ వచ్చేది. ఒతీలియా మొగుడు వచ్చి నిద్రపోయేవాడు. చర్చి నిండుగా ఉన్నప్పుడు ఎంత గొంతుతో చదివేదో అంతే గొంతుతో చదివేది. దాని మీద చెప్పే మాటలూ అన్నే, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. తోర్తియాలు కొనేవాళ్ళు తగ్గారు. పిండి తక్కువ కలిపింది.

చివరికి ఒకరోజు ఆమె పెనం దగ్గర కూర్చుని అడిగేశాను. "దోన్యా ఒతీలియా, పగతోనే అనలేదా?"

"పగా?" తోర్తియా తిప్పింది. "సీసం సంగతి నాకూ అప్పుడే కదా తెలిసింది."

"మరి భయమా?"

"కాదు. అనాలనిపించింది." కాలిన తోర్తియా నా ముందుకి తోసింది. "చాలా అనిపించింది. అంత పెద్దాయన నా చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నాడు, ఊరంతా నా నోటికేసి చూస్తోంది. ఒక్కసారి అంటే చాలు, ఇక నేనే ఫాదర్ని. అంత బాగా అనిపించింది కాబట్టే అనలేదు. నాది కాని సొమ్ము చేతిలో పడ్డట్టుంది. తీసుకో, చల్లారిపోతుంది."

తీసుకున్నాను.

ఎండలు మొదలయ్యాక జనం మెల్లగా తిరిగొచ్చారు. ఎవరూ తప్పయిందనలేదు. "మదర్" మళ్ళీ మొదలైంది, కుడితి మాటా మళ్ళీ మొదలైంది. కసిమీరో సంవత్సరీకానికి ఎర్లిందా వచ్చి చర్చి గుమ్మంలో నిలబడింది.

"నాన్న కోసం ప్రార్థన చదవాలి. ఈసారైనా నోరు పెగులుతుందా?"

"పెగులుతుంది. ఇవి నేను చదవగలిగినవే," అంది ఒతీలియా. లోపలికి జరిగి ఆమెకి చోటిచ్చింది.

మోంచోకి అద్దె కింద ఒతీలియా కోడిగుడ్లు ఇవ్వబోతే తీసుకోలేదు. అది కసిమీరో బాకీ, నీది కాదన్నాడు. రెండు గాడిదలకి, రానూ పోనూ, రెండు వందల లెంపీరాల అద్దె అతనికి ఇప్పటికీ రావాలి.