జూన్ మూడున దర్వాజ

ఇళ్ల ప్లాన్లు గీసే మా కోడలు నిన్న ఎక్సెల్‌లో ఉన్న తలుపుల పట్టికను కంప్యూటర్‌లో గీసిన క్యాడ్ బొమ్మకు జోడించి, అక్షరాలు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా వచ్చాయని విసుక్కుంటుంటే నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే మనసు బరువెక్కింది. టీ-స్క్వేరుతో గీతలు గీసిన చేతులతోనే నడివయసులో కంప్యూటర్ నేర్చుకోవలసివచ్చిన నా ఈడువాళ్లకు నా గోడు తెలుస్తుంది.

అప్పట్లో నారాయణఖేడ్‌లో మా బావ నడిపే ప్లాన్ల ఆఫీసులో పనిచేసేవాణ్ణి. కల్హేర్‌లో మా మేనత్త ఇల్లు కట్టుకుంటోంది. పెద్ద దర్వాజ నిలబెట్టేనాడు గడపకు తన చేత్తోనే పసుపు రాయాలని ఆమె తల్లి, అంటే మా నానమ్మ, ఒకటే పట్టు. ఆమె అప్పటికే మంచం పట్టింది. అయినా పంతులు మంచిరోజు చెప్పందే అత్త కదిలేరకం కాదు, పంతులేమో ఇంకా ఏ రోజూ చెప్పలేదు.

మా వైపు మేస్త్రీలు మూడడుగుల ఆరంగుళాలను 3-6 అని, రెండడుగుల ఆరంగుళాలను 2-6 అని రాస్తారు. నేనూ అలాగే ఎక్సెల్‌లో కొట్టి, పట్టికను ప్లాన్‌కు జోడించి, మార్చి చివర్లో ప్రింటు కల్హేర్‌కు పంపించాను. రెండోనాడే అత్త ఆ కాగితం పట్టుకుని బస్సు దిగింది.

"ఏందిరా ఇది? తానాల గది దర్వాజ జూన్ రెండున, ఇంటి దర్వాజ మూడున ఏడు గంటలకా? గీ ముహూర్తం ఎవడు పెట్టిండు? గప్పటిదాంక అమ్మ ఉంటదారా?"

చూద్దును కదా, వెడల్పులన్నీ తేదీలైపోయాయి, ఎత్తు 7-0 మాత్రం అలాగే ఉంది, దాన్నే అత్త ఏడు గంటలనుకుంది. తేదీని మామూలు అంకెగా మార్చబోతే దాని స్థానంలో ఏదో ఐదంకెల సంఖ్య వచ్చింది. ఎక్సెల్‌లో మళ్లీ కొట్టి సరిచేస్తే ప్లాన్‌లో పాతదే కనిపించింది. జోడింపును తాజా చేస్తే కొలతలు కుదిరాయి గానీ, అక్షరాలు ఉబ్బి వంటగది మీదికి ఎక్కాయి. బావ తల పట్టుకున్నాడు. చివరికి పాత ప్రింటు మీదే కొలతలు పెన్నుతో రాసిచ్చాను. యంత్రం దానంతటది తేదీ వేసిందంటే ఆమె నమ్మలేదు. ముహూర్తాలు తెలిసినవాళ్లే ఎవరో ఆ తేదీ పెట్టి ఉంటారనీ, దాన్ని కాదంటే కీడు జరుగుతుందనీ భయపడుతూనే వెళ్లింది.

ఇంటికి వెళ్లి అత్త ఆ జూన్ మూడు సంగతి నానమ్మకు చెబితే, ఆమె మంచంలోంచి కసిరిందట.

"నేను లేసి కూసున్న దినమే మంచిదినం. జల్దీ వడ్లాయనను పిలువు."

ఆ వారంలోనే వడ్రంగిని పిలిపించి దర్వాజ నిలబెట్టారు. నేనూ అత్తా చెరో రెక్క పట్టుకుంటే నానమ్మ వంగి, తన చేత్తోనే గడపంతా పసుపు రాసింది. నేను ఏడ్చేశాను. జూన్ మూడు వచ్చేసరికి ఆమె లేదు.

3-6ను ఎక్సెల్ మూడో తేదీ, ఆరో నెల అనుకుంటుందనీ, సున్నా నెల లేదు కాబట్టి 7-0ను వదిలేస్తుందనీ ఇప్పుడు ఎవరైనా చిటికెలో చెబుతారు. కోడలు తన పట్టికను తెరమీదే దిద్దుకుని ఫోనులో పంపించేసింది, దానికోసం ఎవరూ బస్సెక్కి రాలేదు. మంచిదే. కానీ ఆనాడు నా పట్టిక సవ్యంగా వచ్చి ఉంటే, అత్త పంతులు మాట కోసం ఆగి ఉండేది, నానమ్మ ఆ గడపను ముట్టకుండానే పోయేది. మరి ఆ తప్పును తప్పనాలో ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.