బాపు వైపు కురచైన జంపఖానా

నేను డిగ్రీ పరీక్షలు రాసిన ఏడు మా బాపు గుబులంతా జంపఖానాలో కనిపించేది.

వరంగల్‌లో మా వాడంతా జంపఖానాలు నేసేవాళ్లే. ఒక్కో మగ్గం దగ్గర ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. అడ్డంగా నూలుపోగు వేసి, ఎవరి సగాన్ని వాళ్లు పంజా అనే ఇనుప దువ్వెనతో కొడతారు. ఇద్దరి దెబ్బా ఒక్కతీరుగా పడితేనే చార తిన్నగా వస్తుంది. నా పరీక్షలు అయిపోయిన నాటి నుంచి బాపు పంజాను కసిగా దించేవాడు. ఆయన వైపు బిగుసుకుని కురచైంది. జోడీగా కూర్చునే బాపు తమ్ముడు, మా కాక వైపు పొడుగైంది. చారలన్నీ ఏటవాలే.

“జంపఖాన నేస్తానమా అన్నా, గుట్ట ఎక్కుతానమా?” అనేవాడు కాక.

బాపుకు నలభై అయిదు దాటాయి. మగ్గం దగ్గర కూర్చుని కూర్చుని మోకాళ్లు పట్టేసేవి. ఛాతీలో దడ అనేవాడు, సగం అన్నంలో లేచిపోయేవాడు. అమ్మ ఆయన్ని దవాఖానకు తీసుకుపోయింది.

“గుండె మంచిగనే ఉన్నది. ఫికర్ తగ్గించుకో,” అన్నాడు డాక్టర్.

“దానికి గోలీ లేదా సారూ?” అన్నాడు బాపు.

ఆ ఫికర్ నేనే. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. “ఆడివిల్లకు డిగ్రీ ఎందుకురా, మగ్గం కాడ కూసోవెట్టక?” అని పెదబాపు నలుగురిలో అంటే, “పాసైనంక మాట్లాడుదాం తియ్” అనేశాడు బాపు. అన్నాక ఆయనకు నిద్ర కరువైంది.

రిజల్ట్స్ వచ్చిన పొద్దున చౌరస్తాలో పేపర్ కొన్నాను. నా నంబర్ ఉంది! మూడుసార్లు చూసుకున్నాను. దారిలో ఒక చెప్పు తెగితే రెండోదీ చేత పట్టుకుని ఇంటిదాకా ఉరికాను.

“బాపూ! పాసైన! సెకండ్ క్లాస్!”

పంజా ఆగింది. “మల్ల చెప్పు బిడ్డా.”

చెప్పాను.

“ఇంకోపాలి.”

“వాడకంత ఇనవడ్డది, నీకే ఇనవడలేదా?” అంది అమ్మ, పిండి చేతులతో బయటికొచ్చి.

బాపు నా కాళ్ల వైపు చూశాడు. “అయితే నీ మోకాళ్లు బతికినయ్,” అన్నాడు.

మళ్లీ పని మొదలుపెట్టాడు. పంజా ఎంత తేలిగ్గా దిగిందంటే, రెండు చారలు దాటేసరికి కాక లబలబలాడాడు.

“అన్నా, జర గట్టిగ కొట్టు! గిట్లనైతే జల్లెడైతది!”

“కానియ్‌రా. గిన్ని దినాలు నా దిక్కే కురచైంది గద, ఇయ్యాల సమానమైతది.”

ఆ మధ్యాహ్నం బాపు సగం అన్నంలో లేవలేదు. పప్పు మళ్లీ వేయించుకున్నాడు.