గోడ వెనక వేడి

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు ఫోన్‌లో మా బాపు గుటక వినిపించింది. నేను జనగామలో, ఆయన భూపాలపల్లిలో బొగ్గు గని వాళ్ల క్వార్టర్‌లో. టీబీ గోళీలు మొదలైన నాటి నుంచి రోజూ అంతే. ఆయన గోళీలు వేసుకుని నీళ్లు తాగేవాడు. అది విన్నాక రెండు మాటలు మాట్లాడి, నేను పాఠం చెప్పే కాలేజీకి తయారయ్యేదాన్ని.

టీబీ అని తేలకముందు, మొదట్లో వచ్చిన దగ్గును ఆయన బొగ్గు దుమ్ము మీదికి నెట్టాడు. బొగ్గుబాయిలో పనిచేసేవాళ్లు షిఫ్టు దిగాక బెల్లం ముక్క తింటారు, గొంతులో దుమ్ము దిగిపోతుందని. దగ్గు ఎక్కువైతే ఆయన రెండు ముక్కలు తిన్నాడు.

బాయిలో ఆయన పని గోడలు కట్టడం. బొగ్గు తీసేసిన చోట లోపల వేడి పుడితే, మంట లేవకుండా, గాలి లోపలికి పోకుండా గోడ కట్టి మూసేస్తారు. నేను పిల్లలకు చెప్పేది కూడా దాదాపు అదేనని ఒకసారి ఆయనతో అన్నాను. ఒంట్లోని కణాలు టీబీ క్రిమిని మింగుతాయి, కానీ చాలాసార్లు చంపలేవు. అప్పుడు మరికొన్ని కణాలు వచ్చి దాని చుట్టూ గోడలా నిలబడతాయి. లోపల క్రిమి ఏళ్ల తరబడి బతికే ఉండవచ్చు. దుమ్ము మింగి మింగి అలసిన కణాలు ఆ గోడను గట్టిగా నిలపలేవు.

బాపు నవ్వాడు. "గోడ కట్టంగనే అగ్గి సల్లారదు బిడ్డా. రోజు చెయ్యి పెట్టి సూడాలె."

ఇది తెలిసిన మనిషికి ఆరు నెలల మందు ఎందుకో వేరే చెప్పాలా అనుకున్నాను. చెప్పలేదు.

మూడో నెలలో దగ్గు పోయింది, ఒళ్లు చేసింది. మహబూబాబాద్‌లో తన అక్క ఇంట్లో పెళ్లికి వారం ముందే వెళ్లాడు. ఆ గోళీలకు మూత్రం ఎర్రగా వస్తుంది. పెళ్లింట్లో ఎవరైనా చూస్తారని మానేశాడు. తిరిగి వచ్చాక మళ్లీ మొదలుపెట్టలేదు. ఫోన్ మాత్రం ఎత్తేవాడు, గుటక వినిపించేది. అవి వట్టి నీళ్లు.

జ్వరం తిరగబెట్టినప్పుడు వెళ్లి అల్మారా తీస్తే, మందు అట్టలు విప్పకుండా అట్లాగే ఉన్నాయి. వాటిని తీసి మంచం మీద పెట్టాను. బాపు వాటిని చూసి అన్నాడు.

"సల్లగైందనుకున్న. గోళీలు బంద్ జేసిన అని చెప్తె, పొద్దుగాల నీ ఫోన్ గూడ బంద్ అయితది గదా."

ఈసారి క్రిమి ఆ గోళీలకు లొంగలేదు. వేరే మందులు ఇచ్చారు. వాటిని ఆయన ఒక్కరోజు కూడా మానలేదు. దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు ఏడాది ఓర్చుకున్నాయి, అంతే.

ఇప్పటికీ ఆ వేళకు నాకు మెలకువ వస్తుంది. ఆరూ పదికి నేను ఎవరికీ ఫోన్ చేయడం లేదు.