పెద్దమ్మ విస్తరిలోని పచ్చిపులుసు

దయ్యాలున్నాయని పేరుపడ్డ కోటలన్నిటికీ కెమెరా పట్టుకుని వెళ్లినవాణ్ణి నేను. ఒక్కచోటా భయం వేయలేదు, ఆకలే వేసింది. అందుకే ఇది నమ్మమని ఎవరినీ బతిమాలను.

తిండి వీడియోలు, ఊళ్ల వీడియోలు తీస్తూ ఎనిమిదేళ్లు బతికాను. ఇప్పుడు నా జీవితం గురించి పుస్తకం రాస్తున్నాను. వీడియోలు మానేసి ఇటెందుకు మారావని అందరూ అడుగుతారు. నిజమేమిటంటే, రెండేళ్ల కింద జ్వరమొచ్చి నాలుకకు రుచి పోయింది. ఆ తర్వాత కూడా ఏడాదిపాటు చప్పటి ముద్దలు మింగుతూ "అదిరింది" అన్నాను. అబద్ధమాడీ ఆడీ అలసిపోయాను. పుస్తకంలోనూ మొదట ఆ ముక్క దాచాను.

ఈ సంగతి పెద్దమ్మ ఒక్కదానికే తెలుసు. అమ్మ పోయాక జిన్నారంలో నన్ను పెంచింది ఆమే. "తెల్వకుంటే తెల్వదని రాయి బిడ్డా, అండ్ల సిగ్గేంది?" అనేది. రాస్తానని చేతిలో చెయ్యేశాను. రాయలేదు. మొన్న చలికాలంలో పెద్దమ్మ పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టాం, అంటే పోయినవాళ్ల పేరున కాకికి ముద్ద పెట్టడం. ఆమెకిష్టమైన అన్నం, పచ్చిపులుసు విస్తరిలో వడ్డించి, ఫ్యాక్టరీ గోడ పక్కన చేను గట్టు మీద ఉంచాం. కాకి ముట్టాకే మేం తినాలి. మందుల ఫ్యాక్టరీలొచ్చాక అటు కాకులే తక్కువ. పన్నెండు దాటినా ఒక్కటీ రాలేదు. కాళ్లు పీకుతున్నాయి. పెద్దమ్మ కొడుకు, మా అన్న, విసిగిపోయాడు.

"మాటిచ్చి తప్పినోళ్లు ఎవలన్న ఉంటే ఇగ ఒప్పుకోండ్రి."

చచ్చేంత సిగ్గేసింది. అయినా విస్తరి ముందు కూర్చుని అందరూ వినేలా చెప్పాను. "నాకు రుచి తెలుస్తలేదు పెద్దమ్మా. గదే రాస్త."

కాసేపటికే కాకి వచ్చి ముట్టింది. అంతవరకు నాకేం వింత అనిపించలేదు. కాకికీ ఆకలేస్తుంది కదా.

ఇంటికొచ్చి భోజనాలకు కూర్చున్నాం. మొదటి ముద్దకే నాలుక మీద పులుపు తగిలింది. పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ, నువ్వుల పొడి, అన్నీ తెలిశాయి. ఏడుపొచ్చింది. ఒక్క ఉప్పే లేదు.

"వదినా, పులుసుల ఉప్పు మర్సినవా?"

అన్న రుచి చూశాడు. ఉప్పు సరిపోయిందన్నాడు. వదిన మాత్రం చేతిలోని గరిటె కింద పెట్టేసింది.

"ఉప్పు లేనిది అత్తమ్మ విస్తరిల పెట్టిన. బీపీ ఉండె గదా, ఆమెకు గట్లనే అలవాటని వేరే గిన్నెల కలిపిన. ఎవలకు చెప్పలే."

రెండో ముద్దకు ఏమీ తెలియలేదు. ఇప్పటికీ అంతే.

రుచి ఎప్పుడైనా ఒక్క క్షణం తిరిగి రావచ్చని డాక్టరు అన్నాడు. రావచ్చు. కానీ నేను తిన్నది మా గిన్నెలోది, తెలిసిన రుచి ఆమె విస్తరిలోది. ఎలా జరిగిందో నాకు తెలియదు. పుస్తకంలో తెలియదనే రాశాను.